తొమ్మిదో ప్రశ్న: వేల్స్ శాసనసభ దాకా వెళ్లిన నా తుంటి నొప్పి

2024 సెప్టెంబరులో నేను రాసిన మొదటి లేఖ మూడు పేజీలుంది. అందులో నా ఎడమ తుంటి నొప్పి ఉంది, రెండేళ్లు దాటినా రాని ఆపరేషన్ పిలుపు ఉంది, మా టిఫిన్ హోటల్ మీద పడిన బిజినెస్ రేట్స్ (వ్యాపార స్థలాల మీద వేసే పన్ను) బిల్లు ఉంది, చివరికి మా వీధిలో మూతపడిన బ్యాంకు గురించి కూడా ఒక పేరా ఉంది. గుంటూరు జిల్లాలో పెరిగిన నాకు ప్రజాప్రతినిధికి వినతిపత్రం ఇవ్వడమంటే కడుపులో ఉన్నదంతా వెళ్లబోసుకోవడమేనన్న అభిప్రాయం గట్టిగా ఉండేది. పైగా ఆ లేఖను పంపవలసిన చోటికి కూడా పంపలేదు. పదహారేళ్లుగా ఆగ్నేయ వేల్స్‌లోని ఒక చిన్న పట్టణంలో బతుకుతూ కూడా, పాలన అంతా లండన్ నుంచే సాగుతుందనే భ్రమలో మా ఎంపీకి పంపాను.

వారి కార్యాలయం నుంచి మర్యాదగానే జవాబు వచ్చింది. వేల్స్‌లో ఆరోగ్యం, స్థానిక పన్నులు లండన్ పార్లమెంటు చేతిలో లేవని, కార్డిఫ్‌లోని వేల్స్ శాసనసభ అయిన సెనెడ్ సభ్యులను సంప్రదించమని అందులో ఉంది. మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉన్నట్టే ఇక్కడా అధికారాల పంపకం ఉందని అప్పుడు గాని నాకు తలకెక్కలేదు. 1997 ప్రజాభిప్రాయ సేకరణలో కేవలం 6,721 ఓట్ల ఆధిక్యంతో గట్టెక్కి, 1999లో మొదలైన సభ అది. అప్పటి నుంచి నేను లేఖ రాసిన నాటి వరకు ఏర్పడిన ప్రతి ప్రభుత్వానికీ లేబర్ పార్టీయే నాయకత్వం వహించింది.

అప్పటి పద్ధతి ప్రకారం సభలో 60 మంది సభ్యులు ఉండేవారు. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 40 మంది, ఐదు ప్రాంతాల నుంచి నలుగురేసి చొప్పున 20 మంది ఎన్నికయ్యేవారు. కనుక నాబోటి పౌరుడికి ఒకరు కాదు, ఐదుగురు ప్రతినిధులు. ఆ ఐదుగురిలో ప్రతిపక్షానికి చెందిన ఒక ప్రాంతీయ సభ్యురాలిని ఎంచుకున్నాను. పాలకపక్షం మీద నాకు కోపమేమీ లేదు. అధికారంలో ఉన్నవాళ్లు తమ మంత్రిని ఇరుకున పెట్టే ప్రశ్న వేయడానికి మొహమాటపడతారన్నది మన అసెంబ్లీలను చూసి నేర్చుకున్న పాఠం.

ప్రతినిధులు ప్రజలను కలుసుకునే సమావేశాన్ని ఇక్కడ సర్జరీ అంటారు. నాకు రావలసిన సర్జరీ రెండేళ్లయినా రాలేదు గాని, ఈ సర్జరీకి మాత్రం పది రోజుల్లో పిలుపు వచ్చింది. నా భార్య దాన్ని తలుచుకుని ఇప్పటికీ నవ్వుతుంది.

ఒక గ్రంథాలయం వెనుక గదిలో ఆ సభ్యురాలు, ఆమె సహాయకుడు నా మూడు పేజీలనూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. మన ఊళ్లో అయితే ఎమ్మెల్యే గారు సూపరింటెండెంటుకు ఫోన్ చేస్తే ఏదో ఒక దారి దొరుకుతుంది. ఆ ఆశ నా మొహంలో కనిపించిందో ఏమో, జాబితాలో నన్ను ముందుకు జరపమని తాను అడగలేనని, అడగకూడదని ఆమె మొదటే చెప్పేశారు. తాను చేయగలిగినవి రెండే: మా ప్రాంతపు ప్రభుత్వాసుపత్రులను నడిపే ఆరోగ్య మండలికి రాయడం, ప్రభుత్వాన్ని సభలో ప్రశ్నించడం. తరువాత సహాయకుడు అడిగిన మాట నన్ను ఇబ్బంది పెట్టింది. ఈ లేఖలో ఉన్నవాటిలో ఒక్కటే ఎంచుకోమంటే ఏది ఎంచుకుంటారని అడిగాడు.

ఎంచుకోవడం తేలిక కాదు. మా హోటల్ రేటబుల్ విలువ, అంటే పన్ను లెక్క కోసం అంచనా కట్టిన ఏడాది అద్దె విలువ, 16,000 పౌండ్లు. 2023-24లో పౌండుకు 53.5 పెన్నీల చొప్పున లెక్కగట్టి, చిన్న దుకాణాలకూ హోటళ్లకూ ఇచ్చే 75 శాతం రాయితీ తీసేస్తే నేను కట్టింది 2,140 పౌండ్లు. 2024 ఏప్రిల్ నుంచి వేల్స్ ప్రభుత్వం ఆ రాయితీని 40 శాతానికి తగ్గించి, రేటును 56.2 పెన్నీలకు పెంచింది. బిల్లు 5,395 పౌండ్లయింది. ఇంగ్లండ్‌లో మాత్రం ఆ ఏడాది 75 శాతమే కొనసాగింది. వంతెన దాటి బ్రిస్టల్‌లో దోసె వేస్తే ఒక లెక్క, ఇక్కడ వేస్తే మరో లెక్క. కానీ ఆ దోసె వేయడానికి పెనం ముందు నిలబడవలసింది నేను. అప్పటికే ఒక కాలి మీద బరువు వేసి, గట్టుకు ఆనుకుని, అరగంటకోసారి అట్లకాడ మా ఆవిడ చేతికిచ్చి కూర్చునే స్థితికి వచ్చాను. అందుకని తుంటినే ఎంచుకున్నాను.

ప్రశ్న వేయడంలోని పనితనం అప్పుడు చూశాను. మన శాసనసభల్లో నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి జవాబు చెబుతారు, దాని వెంట అనుబంధ ప్రశ్నలు వస్తాయి. గుర్తు లేనిదానికి లిఖితపూర్వక సమాధానం వస్తుంది. ఇక్కడా దాదాపు ఇంతే. సభ్యులు పేర్లు ఇస్తే చీటీ తీసినట్టు కంప్యూటరు కొందరిని ఎంపిక చేస్తుంది. ముందుగా అచ్చయ్యే ప్రశ్న ఒక్క వాక్యమే, అదీ చప్పగా ఉంటుంది: మా ప్రాంతంలో ఎముకల ఆపరేషన్ల కోసం నిరీక్షణ గురించి ముఖ్యమంత్రి ప్రకటన చేస్తారా, అని. కారమంతా ప్రభుత్వానికి ముందుగా తెలియని అనుబంధ ప్రశ్నలో దాచి పెడతారు. నా కథ చోటు చేసుకోవలసింది అక్కడే, అదీ రెండు మూడు వాక్యాల్లోనే.

ఆ వాక్యాల కోసం సహాయకుడు నా కాగితాల్లోని తేదీలన్నీ వరుసగా రాయించుకున్నాడు. మా జీపీ, అంటే కుటుంబ వైద్యుడు, నన్ను నిపుణుడికి చూపించమని రెఫరల్ పంపింది 2022 ఆగస్టులో. నిపుణుడు చూసి ఆపరేషన్ జాబితాలో చేర్చింది 2023 జూన్‌లో. సభలో చెప్పే అంకెను మంత్రి తప్పని తేల్చే పరిస్థితి రాకూడదని, నా రాతపూర్వక అనుమతి తీసుకుని ఆరోగ్య మండలిని నిర్ధారించమని అడిగాడు. మూడు వారాలకు వచ్చిన జవాబులో నేను తొమ్మిది నెలలుగా వేచి ఉన్నట్టు ఉంది. 2024 ఫిబ్రవరిలో ఒక పరీక్షకు పిలిస్తే నేను హాజరు కాలేదట, అందువల్ల నిరీక్షణ లెక్కను మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారట. ఆ పిలుపు మేము ఎప్పుడో ఖాళీ చేసిన, హోటల్ పైనున్న పాత వాటాకు వెళ్లింది. చిరునామా మారినట్టు నేను ఇచ్చిన కాగితం నకలు మా ఆవిడ పప్పుల డబ్బాల వెనుక, రసీదుల కట్టలో దొరికింది. ఆమె ఏ కాగితమూ పారేయదని విసుక్కున్న రోజులన్నిటికీ ఆ సాయంత్రం క్షమాపణ చెప్పుకున్నాను.

నవంబరు చివర్లో ఒక మంగళవారం హోటల్ మూసి, ఉచితంగా ఇచ్చే టికెట్లు ముందే తీసుకుని, ఇద్దరమూ కార్డిఫ్ బే వెళ్లాం. విమానాశ్రయంలో లాంటి తనిఖీ తరువాత పై అంతస్తు గ్యాలరీలో కూర్చుంటే, అద్దాల కిందుగా వలయాకారపు సభ మొత్తం కనిపిస్తుంది. వెల్ష్‌లో మాట్లాడేవారి మాటలు అర్థం కావడానికి చెవులకు తగిలించుకునే అనువాద యంత్రం ఇస్తారు. అధ్యక్ష స్థానంలో ఎలిన్ జోన్స్ ఉన్నారు. సభాపతిని వెల్ష్‌లో పిలిచే మాట మొదటి అక్షరం మన ‘ల’ కాదు, ‘ళ’ కాదు, నాలుకను లకారానికి పెట్టి పక్కల నుంచి గాలి వదిలితే వచ్చే శబ్దం. అది నాకు పదహారేళ్లయినా పట్టుబడలేదు.

ఒంటిగంటన్నరకు ముఖ్యమంత్రి ఎలునెడ్ మోర్గన్ లేచారు. ఆమె ఆగస్టులో ఆ పదవిలోకి వచ్చారు, అంతకు ముందు మూడేళ్లు ఆరోగ్య మంత్రి. అందువల్ల ఆ రోజుల్లో నిరీక్షణ జాబితా గురించి ప్రతిపక్షం అడిగే ప్రతి ప్రశ్నకూ రెండు అంచులుండేవి. జాబితా 8 లక్షలు దాటిందని ప్రతిపక్షం అనేది. అవి చికిత్సల లెక్క అని, ఒకే మనిషి రెండు మూడు చోట్ల నమోదై ఉండవచ్చని, మనుషుల లెక్క దాదాపు 6 లక్షల 20 వేలేనని ప్రభుత్వం అనేది. జనాభా 31 లక్షలున్న దేశంలో ఆ రెండో అంకె అయినా ఊరటనిచ్చేది కాదు. రెండేళ్లు దాటినవారి సంఖ్య 2022లోని 70 వేల పైచిలుకు నుంచి బాగా తగ్గిందన్నది ప్రభుత్వం వాదన, అది నిజమే. ప్రతిపక్ష పార్టీల నాయకులకు ముందస్తు నోటీసు లేకుండా మూడేసి ప్రశ్నలు అడిగే వీలుంది, వాటితోనే కాలం కరిగిపోతుంది.

మా ప్రశ్న జాబితాలో తొమ్మిదోది. ఏడో ప్రశ్న నడుస్తుండగానే మా ఆవిడ గడియారం చూడటం మొదలుపెట్టింది. ఎనిమిదోది పూర్తయ్యేసరికి సమయం అయిపోయిందని ప్రకటించారు. కింద మా సభ్యురాలు కాగితం మడిచి ఫైలులో పెట్టుకోవడం పై నుంచి స్పష్టంగా కనిపించింది. ఆ రెండు మూడు వాక్యాలు, అంటే నా రెండేళ్లు, ఆ ఫైలులోనే ఉండిపోయాయి. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సభలో వంతు రాని ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబిస్తారు. మాకు వచ్చినది కేటాయించిన నిధుల గురించి, తగ్గుతున్న సంఖ్యల గురించి ఒక పేరా. దాంతో సభ్యురాలు ఆరోగ్య మంత్రికి మరో లిఖిత ప్రశ్న పంపారు: మా మండలిలో తుంటి మార్పిడి కోసం 104 వారాలు దాటి వేచి ఉన్నవారు ఎందరు, హాజరు కాలేదన్న కారణంతో లెక్క మళ్లీ మొదలైనవారు ఎందరు? సమాచారాన్ని ఆపరేషన్ల వారీగా కాక వైద్య విభాగాల వారీగా ప్రచురిస్తారని, రెండో సంఖ్యను కేంద్రీకృతంగా సేకరించరని జవాబు వచ్చింది. లెక్క సున్నా అయినవారిని ఎవరూ లెక్కపెట్టడం లేదన్నమాట. నాకు ఆ జవాబులోని ఏ అంకె కన్నా ఈ లేని అంకే ఎక్కువ చెప్పింది.

నా విషయంలో మాత్రం చిరునామా కాగితం నకలు పంపిన తరువాత పొరపాటు సరిదిద్ది, నిరీక్షణను 2022 ఆగస్టు నుంచే లెక్కించారు. ఆపరేషన్ 2025 మేలో జరిగింది. మూడో నెలకు చేతికర్ర వదిలి పెనం దగ్గరికి వెళ్లాను.

ఈలోగా 2025-26 రేట్స్ బిల్లు వచ్చింది. రాయితీ అదే 40 శాతం, రేటు మరికాస్త పెరిగి 56.8 పెన్నీలు. ఆ ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్ కూడా 40 శాతానికే దించడంతో, బ్రిస్టల్‌తో పోల్చే నా వాదన వీగిపోయింది. కొత్త వాదన వెతుక్కుని, బిల్లు నకలు జతచేసి, సభ్యురాలికి రెండో లేఖ రాశాను. ఐదు వాక్యాలు, ఒకే ప్రశ్న. బ్యాంకు గురించి రాయలేదు.