డబ్బా మీద 250, గోడకు 16: నా వెల్డింగ్ మిషన్ అనుభవం

ఇనుప మంచానికి ఒక కోడు దగ్గర అతుకు ఊడింది. వెల్డర్‌కు అది ఐదు నిమిషాల పని. కానీ ఆ మంచాన్ని అక్కడిదాకా చేర్చాలంటే ఇద్దరు మనుషులు, ఒక బండి, నాకో సెలవు రోజు కావాలి. పనిబల్ల ఒకటి చేసుకోవాలని, తీగలకు పందిరి ఫ్రేము వేయాలని ఎప్పట్నుంచో ఉంది. ఎలాగూ ఇన్ని పనులున్నాయి కదా, మిషనే కొనేద్దాం అనుకున్నాను. కొనడానికి రెండు నెలలు పట్టింది. అందులో నెలన్నర తప్పు అంకెను పట్టుకుని వేలాడాను.

ఆ అంకె ఆంప్స్. ప్రతి డబ్బా మీదా బొద్దుగా 200, 250 అని ఉంటుంది. ఎక్కువ ఉంటే ఎప్పటికైనా పనికొస్తుందనుకుని 250 దాన్ని ఖాయం చేసుకున్నాను. కొనేముందు ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్న మా బావకు ఫోన్ చేశాను.

"బావా, 250 ఆంప్స్‌ది తీసుకుంటున్నా."

"ఏరా, వంతెనేమైనా కడతావా? ముందు మీ ఇంట్లో సాకెట్ ఎంతదో చూశావా?"

చూడలేదు. సింగిల్ ఫేజ్, 230 వోల్టులు, 16 ఆంప్స్ సాకెట్. అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. రాడ్డు వెల్డింగ్‌కు (మందు పూసిన కడ్డీని కరిగించి అతికే పద్ధతి) ప్రమాణాల్లో వాడే సూత్రం ఒకటుంది: ఆంప్స్‌ను 0.04తో గుణించి 20 కలిపితే ఆర్క్ (రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య వెలిగే కరెంటు మంట) దగ్గరి వోల్టేజీ వస్తుంది. 200 ఆంప్స్‌కు 28 వోల్టులు, అంటే రాడ్డు దగ్గర 5,600 వాట్లు. మిషన్‌లో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే గోడ నుంచి సుమారు 6,600 వాట్లు లాగాలి. 230 వోల్టుల దగ్గర అది 28 ఆంప్స్ పైమాటే. మామూలు ఇన్వర్టర్ మిషన్ల (ఎలక్ట్రానిక్స్‌తో నడిచే తేలికపాటివి) పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా, 0.7 దగ్గరే ఉంటుంది కాబట్టి నిజంగా లాగేది 40. ఇది 200కే వచ్చిన లెక్క. నా సాకెట్ 16 దగ్గరే చేతులెత్తేస్తుంది. డబ్బా మీద 250 ఉంటేనేం, 500 ఉంటేనేం!

ఇంతకీ నాకు కావాల్సింది ఎంత? వెర్నియర్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మంచం పైపు గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. పందిరికి అనుకున్న స్క్వేర్ పైపు 2. పనిబల్లకు తీసుకోబోయే యాంగిల్ 5. ఇలాంటి పనులకు 2 మిల్లీమీటర్ల రాడ్డు 40 నుంచి 60 ఆంప్స్‌లో, 2.5 రాడ్డు 60 నుంచి 90లో నడుస్తాయి. 3.15 రాడ్డుకే 90 దాటాలి. అంటే నా బతుకంతా 100 లోపే. 80 ఆంప్స్ దగ్గర గోడ నుంచి లాగేది 13, 14 ఆంప్స్. సాకెట్ హాయిగా ఇస్తుంది.

ఏ రకం అన్నది ఇంకో తగువు. మిగ్ మీద, అంటే రాడ్డుకు బదులు తీగచుట్టతో నడిచే రకం మీద, నాకు మోజు ఉండేది. ట్రిగ్గర్ నొక్కితే తీగ తనంతట తానే వస్తుంది, పల్చటి రేకుల మీద దానికి సాటి లేదు. కానీ అతుకుకు గాలి తగలకుండా కాచే గ్యాస్ సిలిండర్ పెట్టుకోవాలి, నింపించుకోవాలి, గాలి వీచే చోట గ్యాస్ కొట్టుకుపోయి అతుకంతా జల్లెడలా తయారవుతుంది. నేను పని చేసేది ఆరుబయట. గ్యాస్ అక్కర్లేని, లోపలే మందు ఉన్న ఫ్లక్స్ తీగ ఉంది కానీ దానికి మిషన్‌లో పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పుకునే వీలుండాలి. చవక మిషన్లు కొన్నిట్లో అది ఉండదు. ఒక చేత్తో ఆర్క్, ఇంకో చేత్తో కడ్డీ పట్టి చేసే టిగ్ జోలికి పోలేదు. రెండు చేతులూ, ఒక్కోసారి కాలూ కలిసి చేయాల్సిన పని అది, నా ఓపికకు మించింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ ఒకటి ఊరికే ఇస్తామన్నారు. మొండి ఘటం, చచ్చినా చావదు. కానీ దాన్ని కదపడానికి మళ్లీ ఇద్దరు మనుషులు కావాలి, మంచం కథే మళ్లీ మొదటికొస్తుంది. చివరికి రాడ్డుతో నడిచే డీసీ ఇన్వర్టర్ దగ్గర ఆగాను. తుప్పు, గాలి లాంటివాటిని కాస్తయినా ఓర్చుకునేది రాడ్డే.

ఇక్కడే బావ రెండో పాఠం చెప్పాడు. "డబ్బా చదవకు, వెనక అతికించిన పలక చదువు." మిషన్ వెనక రేటింగ్ ప్లేటు ఉంటుంది. అందులో ఎక్స్ అన్న గుర్తుకు ఎదురుగా శాతాలు, కింద ఆంప్స్. అదే డ్యూటీ సైకిల్. పది నిమిషాలు ప్రమాణంగా తీసుకుని, అందులో ఎన్ని నిమిషాలు ఆపకుండా వెల్డింగ్ చేయొచ్చో చెబుతుంది. నేను మోజుపడ్డ 250 మిషన్ పలక తెప్పించుకుని చూస్తే అందులో గరిష్ఠమే 160. నేను కొన్నదాని పలక మీద 160 ఆంప్స్‌కు 30 శాతం, 87 ఆంప్స్‌కు 100 శాతం అని ఉంది. 160 దగ్గర మూడు నిమిషాలు కాలిస్తే ఏడు నిమిషాలు ఆగాలి, 87 దగ్గర ఆగనక్కర్లేదు. నాలాంటి వాడు ఎలాగూ ఒక రాడ్డు కాల్చి, అతుకు మీద గడ్డకట్టిన చిట్టెం కొట్టి, బ్రష్ వేసి, అతుకు వైపు దిగులుగా చూసేసరికి ఐదు నిమిషాలు దాటుతుంది. అదే పలకలో ఐ1 మ్యాక్స్ అని ఇంకో అంకె ఉంటుంది. గోడ నుంచి గరిష్ఠంగా ఎంత లాగుతుందో చెప్పేది అదే. ఏ ప్రకటనలోనూ దాన్ని చూపించగా నేను చూడలేదు.

మిషన్ కంటే ముందు హెల్మెట్ కొన్నాను, తనంతట తానే నల్లబడే రకం. నా ఆంప్స్‌కు షేడ్ (అద్దం నలుపు స్థాయి) 10 సరిపోయింది. ఆర్క్ వెలుగు కళ్లకు తగిలితే నొప్పి వెంటనే తెలియదు. కొన్ని గంటలయ్యాక, ఏ అర్ధరాత్రో కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. బావకు పని నేర్చుకునే రోజుల్లో అయిందట. దాని గురించి అడిగితే ఇప్పటికీ మాట మార్చేస్తాడు.

మొదటి రోజు పరువు పోయింది. 6013 రకం రాడ్డు, 2.5 సైజు, 80 ఆంప్స్. గీకగానే అతుక్కుపోయింది. ఊపి లాగితే పైనున్న మందు రాలిపోయింది. ఎలాగో ఆర్క్ నిలిచేసరికి పైపుకు వేలు దూరేంత బొక్క. ఈలోపు ఎక్స్‌టెన్షన్ వైరు కాలుతోంది. చుట్ట విప్పకుండానే వాడుతున్నాను, చుట్ట లోపల వేడి బయటకు పోయే దారే లేదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తెచ్చి, పూర్తిగా పరిచి వాడితే ఆ బాధ తీరింది. మిషన్ బాగా లేదనుకున్న రోజుల్లో సగం తప్పు ఆ వైరుదే. దాని మీద వోల్టేజీ పడిపోయి ఆర్క్ ఆరిపోతుండేది. మిగతా సగం ఎర్త్ క్లాంపుది, అంటే కరెంటు తిరిగి మిషన్‌కు వెళ్లడానికి ఇనుముకు బిగించే పట్టుది. రంగు మీద బిగించి కరెంటు రమ్మంటే ఎక్కడినుంచి వస్తుంది?

2 రాడ్డుకు దిగి, 50 ఆంప్స్ పెట్టి, గీత గీయడం మానేసి చుక్క చుక్కగా వేశాక పైపు నిలబడింది. ఒక చుక్క వేయడం, ఎరుపు చల్లారనివ్వడం, ఇంకో చుక్క. అందం లేదు. గ్రైండర్ పెట్టాక, రంగు వేశాక మంచం మంచంలాగే ఉంది. పందిరికి తెచ్చిన పైపుకు జింక్ పూత ఉంది. దాన్ని అతుకు చుట్టూ గీకేసి, గాలివాటు చూసుకుని నిలబడి వేశాను. జింక్ 907 డిగ్రీల దగ్గరే మరిగి తెల్లటి పొగవుతుంది. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరంలా వణికిస్తుంది.

మొన్న పక్కింటాయన విరిగిన అల్యూమినియం నిచ్చెన పట్టుకొచ్చారు. "మీ దగ్గర మిషన్ ఉందటగా, రెండు టాక్‌లు వేసిపెట్టండి" అన్నారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీదుండే ఆక్సైడ్ పొర మాత్రం 2,000 దాటితే గానీ కరగదు. ఆ పొరను చీల్చడానికి మామూలుగా వాడేది ఏసీ టిగ్. నాది డీసీ రాడ్డు మిషన్. అదంతా వివరించబోయి మానేశాను. "దీంతో కాదండీ. అయినా మనిషి ఎక్కే నిచ్చెనకు నా అతుకు వద్దు" అన్నాను. ఆయన ఓసారి మంచం వైపు చూసి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయారు.