మణికట్టు విరిగాక తెలిసిన అసలు సంగతి (నా అనుభవం)

పోయిన కార్తీకంలో పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టి లేచా, రాత్రి వానకి బండ జారుడుగా ఉందని చూసుకోలేదు, రెండడుగులు వేశానో లేదో జర్రున జారి కుడిచెయ్యి నేలకి ఆనించి కూలబడ్డా. లేచి నిలబడ్డా కూడా, పెద్ద దెబ్బేం కాదులే అనుకున్నా, తీరా చూస్తే మణికట్టు పైన గరిటె వంగినట్టు వంకర తిరిగి ఉంది.

మాది తిరుపతి, ఇక్కడ ఎముక విరిగితే ఇంటిల్లిపాది నోటా ఒకటే మాట, పుత్తూరు పోదాం పద అని. మా ఆయన కారు తీసేశాడు కూడా. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, మా మామగారి కాలికి అక్కడే కట్టించారు, బాగానే అతుక్కుంది. మా అబ్బాయి మాత్రం ఫోన్‌లో ముందు ఎక్స్ రే తీయించమ్మా అని పట్టుబట్టాడు, సరే అని ఆర్థో డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

ఈ హడావిడిలో నేను చేసిన తప్పు ఏంటంటే గాజులు, ఉంగరం వెంటనే తీయలేదు. గాజులు సబ్బు రాసి లాగితే వచ్చాయి గానీ ఉంగరం దగ్గర వేలు అప్పటికే వంకాయలా వాచిపోయింది, చివరికి చిన్న కట్టర్‌తో కోసేశారు. పెళ్లినాటి ఉంగరం అది. చెయ్యి విరిగినందుకు ఏడవలేదు గానీ దానికి ఏడ్చా. ఎవరికైనా చేతికి దెబ్బ తగిలితే ముందు అవి తీసేయండి, తర్వాతే మిగతావి.

మత్తిచ్చి ఎముక లాగి సరిచేసి పిండికట్టు వేశారు, ఆరు వారాలు. వేళ్లు కదుపుతూ ఉండమన్నారు, నేను భయపడి కదపలేదు, కట్టు విప్పాక పిడికిలి బిగుసుకోలేదు, చపాతీ పిండి పిసుకుతూ ఇంకో రెండు నెలలు ఫిజియోతో సరిపోయింది. ఇదంతా మామూలే.

కట్టు విప్పిన రోజు డాక్టర్ అడిగిన ప్రశ్న మాత్రం మామూలుది కాదు. "నిలబడ్డ మనిషి జారిపడినంత మాత్రాన గట్టి ఎముక అంత తేలిగ్గా విరగదమ్మా, మీకెందుకు విరిగింది?" అన్నాడు. నా వయసు 54. గర్భసంచి ఎప్పుడు తీశారు అని అడిగితే 41లో, అండాశయాలు కూడా తీసేశారు అని చెప్పా, మా వైపు ఆడవాళ్లలో సగం మందిది ఇదే కథ, కడుపునొప్పి అంటే చాలు తీసేయించుకోవడమే. ఎముకని కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ అప్పుడే తగ్గిపోయిందట, అంటే పదమూడేళ్లుగా లోపల ఎముక గుల్లవుతూనే ఉంది, ఆపరేషన్ అప్పుడు ఈ ముక్క నాకు ఒక్కరూ చెప్పలేదు.

ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా స్కాన్ రాశాడు. సొరంగంలోకి తోయడాలు ఏమీ లేవు, బల్ల మీద పడుకుంటే పైన ఒక చెయ్యిలాంటిది అటూ ఇటూ తిరుగుతుంది, పావుగంట పని. టీ స్కోర్ అని వస్తుంది, మైనస్ 1 దాకా పర్లేదు, మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ పోతే బోలు ఎముకల వ్యాధి. నాకు తుంటి దగ్గర మైనస్ 1.8, వెన్నుపూసల్లో మైనస్ 2.9. అప్పుడు గుర్తొచ్చింది మా అమ్మ. చివరి పదేళ్లు వంగిపోయి నడిచింది, వయసు మీద పడింది అనుకున్నాం, ఒక్కో పూస నలిగిపోతూ ఉండుంటుందని ఎవరికి తెలుసు.

రక్తపరీక్షలో విటమిన్ డి 11 వచ్చింది, కనీసం 20 ఉండాలట. తిరుపతిలో ఎండకి కరువా చెప్పండి, కానీ ఎండ ఉన్నంతసేపూ నేను ఇంట్లోనే కదా. వారానికొకటి 60,000 యూనిట్ల పొడి పాలల్లో కలుపుకుని ఎనిమిది వారాలు తాగా. కాల్షియం మాత్ర పొద్దున్నే థైరాయిడ్ మాత్రతో పాటే మింగేసేదాన్ని, అలా వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదట, నాలుగు గంటలు ఎడం ఉండాలట. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకుంటున్నా. సంగటి మళ్లీ మొదలుపెట్టా, వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నా వయసు వాళ్లకి రోజుకి 1000 నుంచి 1200 కావాలి, అంటే సంగటి ఒక్కదానితో అవదు, పెరుగు, పాలు కూడా ఉండాల్సిందే.

డి సరిపడా పెరిగాకే ఎముక ఇంకా గుల్లవకుండా ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు, ఏడాదికొకసారి సెలైన్‌లో ఎక్కించేది, ఇస్తామన్నారు, దానికి ముందు కిడ్నీ టెస్టు, పళ్ల డాక్టర్ దగ్గరికి కూడా పంపారు, పీకాల్సిన పన్ను ఉంటే ముందే పీకించుకోవాలట, నాది ఒకటి పోయింది. ఎక్కించడం అరగంటే. ఆ రాత్రి మాత్రం చికున్‌గున్యా వచ్చినట్టు ఒళ్లంతా నొప్పులు, జ్వరం, ముందే చెప్పారు కాబట్టి పారాసిటమాల్ వేసుకుని పడుకున్నా, మూడోరోజుకి మామూలైపోయా.

సోమవారం మా అక్కని స్కాన్‌కి తీసుకెళ్తున్నా. నాకంటే ఆరేళ్లు పెద్దది, తనకీ గర్భసంచి లేదు. "నాకేం నొప్పుల్లేవు కదే, ఎందుకే డబ్బులు దండగ" అని ఇప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాకు మాత్రం పడేదాకా ఏం నొప్పి ఉందని అక్కా అన్నా.