అయోడిన్ పరమాణువుకు ముసలితనం రాదు

థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు అయోడిన్-131 అనే రేడియోధార్మిక మందు ఇచ్చే వార్డులో నేను టెక్నాలజిస్టుని. మందు ఇచ్చేముందు దాని అర్ధాయువు 8 రోజులని చెబుతాం. "అంటే 16 రోజులకు మొత్తం పోతుందన్నమాట" అని లెక్క తేల్చేస్తారు చాలామంది, బాగా చదువుకున్నవాళ్లు కూడా.

పోదు. 8 రోజులకు సగం మిగులుతుంది, 16కి పావు, 24కి ఆ పావులో సగం. 80 రోజులకు దాదాపు వెయ్యో వంతు. నిన్న పుట్టిన అయోడిన్-131 పరమాణువుకీ, నెల రోజులుగా విరగకుండా, అంటే రేడియేషన్ వదిలి వేరే పరమాణువుగా మారకుండా, ఉన్నదానికీ ఏ తేడా లేదు. రేపటిలోగా విరిగే అవకాశం రెండింటికీ 8 శాతం పైచిలుకే. ఇరవయ్యేళ్ల కుర్రాడి ఆయుష్షూ ఎనభయ్యేళ్ల తాతగారి ఆయుష్షూ ఒకటి కాదు కదా, పరమాణువులకు అలాంటి వయసే లేదు. ఫలానాది ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ కోట్ల కోట్లు ఒకచోట ఉంటాయి కాబట్టి మొత్తం లెక్క మాత్రం తప్పదు. విరిగినది జినాన్-131 అవుతుంది, దానికి రేడియోధార్మికత లేదు.

"బట్టలు ఉడకబెడితే త్వరగా పోతుందా అమ్మా?" అని అడుగుతారు. ఈ విరగడం జరిగేది పరమాణువు మధ్యనుండే కేంద్రకంలో. పొయ్యి వేడి, ఫ్రిజ్ చలి, బ్లీచింగ్ పౌడరు, ఏవీ అక్కడిదాకా చేరవు. ఉతికితే అయోడిన్ బట్టను వదిలి నీళ్లలోకి పోతుంది, అంతే. అందుకే వార్డు మరుగుదొడ్ల నీటిని ట్యాంకుల్లో నిలవుంచి, తగినంత తగ్గాకే వదులుతారు.

ఒంట్లో సంగతి వేరు, అక్కడ మూత్రపిండాలు మనకు సాయం. ఆపరేషన్ తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలు పట్టుకోని అయోడిన్‌లో చాలా భాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో వెళ్లిపోతుంది. అందుకే నీళ్లు బాగా తాగమని అన్నిసార్లు చెబుతాం. మీటరుతో కొలిచి, తగ్గిందని చూసుకున్నాకే ఇంటికి పంపుతాం.

అయినా కొన్ని ఇళ్లలో ఈ మందు తీసుకున్న కోడలికి నెలల తరబడి వేరే గది, వేరే కంచం. ఇది విన్నప్పుడల్లా నాకు కోపం, దుఃఖం రెండూ వస్తాయి. సీటీ స్కాన్ తీయించుకున్నవాళ్లను కూడా దూరం పెట్టినవాళ్లున్నారు! ఎక్స్-రే ఒంట్లోంచి దాటిపోతుంది, రేడియోధార్మిక పదార్థమేదీ వదిలి వెళ్లదు. ఆ దూరం పెట్టేవాళ్ల ఒంట్లోనే పొటాషియం-40 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది, దాని పరమాణువులు సెకనుకు నాలుగు వేలకు పైగా విరుగుతూ ఉంటాయి, పుట్టినప్పటి నుంచీ ఉన్నదే.

డిశ్చార్జి కాగితంలో పిల్లలకు ఎన్ని రోజులు దూరంగా ఉండాలో రాసి ఇస్తాం. ఆ రోజులు కచ్చితంగా పాటించండి. అవి దాటాక ఆ తల్లిని బిడ్డను ఎత్తుకోనివ్వండి.