సమాధుల పండుగకు డిచ్‌పల్లి

నవంబర్ 2న సమాధుల పండుగకు ఈసారైనా తాత దగ్గరికి పోవాల్సిందేనని చిన్నమ్మ పట్టుబట్టింది. తెల్లారకముందే హనుమకొండలో బస్సెక్కాం. కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూర్‌లో బస్సు మారి డిచ్‌పల్లిలో దిగేసరికి నడుములు పడిపోయాయి. చిన్నమ్మ ఒళ్లో సున్నం డబ్బా. ఎక్కడ ఒలుకుతుందోనని దారంతా నాకు టెన్షన్.

తాత పాస్టర్. అందరికీ అయ్యగారు. ప్రసంగాలు మాత్రం మరీ పొడుగట, సగంలోనే పిల్లలు నిద్రపోయేవాళ్లని అమ్మమ్మే చెప్పేది. ఆరాధన అయ్యాక నేరుగా కుష్ఠు దవాఖానకు నడిచేవాడు. స్కాట్లాండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో మొదలుపెట్టిన దవాఖాన అది. నిజామాబాద్‌కు చెందిన నర్సా గౌడ్ డబ్బు సాయం చేశారు. తొలినాళ్లలో చాల్‌మోగ్రా నూనె సూదులే వైద్యం. తాత నాటికి డాప్సోన్ మాత్రలొచ్చాయి. రోగం తగ్గినా ఊరు రానివ్వదు కదా! నయమైనవాళ్లను తాత వెంటబెట్టుకుని వాళ్ల ఊరికి పోయి, నలుగురూ చూసేలా అరుగు మీద వాళ్ల పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. కొన్ని ఊళ్లలో అలా తిని, మళ్లీ వాళ్లతోనే వెనక్కి వచ్చేవాడట.

సమాధుల తోటలో గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. రాయి మీద పేరు, రెండు తేదీలు, 'మత్తయి 25:36' అని ఉన్నాయి. బైబిల్ వాక్యం లేదేమని అడిగితే చిన్నమ్మ నవ్వింది.

"చెక్కెటాయన అక్షరానికింత అని తీసుకునేటోడు బిడ్డా. అందుకే నంబరు ఏయించినం. రోగమున్నోళ్లను చూడవొచ్చిండ్రు అనే వాక్యమది."

అడుగున ఇంకో మాట ఉంది: దైవసేవకుడు. అక్షరాలు లావుగా, వంకరగా ఉన్నాయి.

"అది మేం ఏయించింది కాదు."

మరుసటేడు వచ్చి చూస్తే ఉందట. దవాఖానలో నయమై అక్కడే ఉండిపోయినవాళ్లు కూలి ఇచ్చుకోలేక తామే చెక్కారు. వేళ్లు పోయిన ఒకాయన ఉలిని గుడ్డతో చేతికి కట్టుకుని, ఆ ఆరక్షరాలకు మూడు రోజులు కూర్చున్నాడట.

సున్నం వేశాక చిన్నమ్మ అగ్గిపుల్లకు దూది చుట్టి నల్లరంగులో ముంచింది. పేరుతో కాదు, అడుగు మాటతో మొదలుపెట్టింది. ఒక్కో వంకరా వదలకుండా దిద్దింది. పేరు దాకా వచ్చేసరికి రంగు అయిపోవచ్చింది. తేదీలు అట్లాగే వదిలేసి కొవ్వొత్తులు వెలిగించాం. అప్పటికే ఆర్మూర్ బస్సుకు వేళయింది.