కత్తితో టెక్స్చర్ కటింగ్, సుడి దగ్గర పోయిన నా పరువు

నిన్న రాత్రి షాపు షట్టర్ దించేటప్పటికి కూడా నా చెవులు వేడిగానే ఉన్నాయి. మొదటిసారి ఓ కుర్రాడికి పైజుట్టంతా కత్తితోనే టెక్స్చర్ కటింగ్, అంటే కొసలు పలచబరిచే కటింగ్, చేశాను. గడ్డం గీయడం 15 ఏళ్లప్పుడే బాబాయి నేర్పాడు, అందుకే కత్తి అంటే బెరుకు లేదు. అదే కొంప ముంచింది.

పక్కలూ వెనకా మిషన్‌తో దించడం పది నిమిషాల పని. పైన జుట్టు 4 అంగుళాలుంది. బాగా తడిపి, ముందుకి దువ్వి, కొత్త బ్లేడు సగానికి విరిచి కత్తిలో పెట్టాను. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. జుట్టు ఆరినా, బ్లేడు మొద్దుబారినా వెంట్రుక తెగదు, చీలుతుంది, కుర్చీలో ఉన్నవాడు అబ్బా అంటాడు. వేళ్ల మధ్య పాయ బిగించి, కత్తిని దాదాపు పడుకోబెట్టి, మధ్య నుంచి కొస వైపు చిన్నచిన్నగా గీస్తూ పోవాలి. కత్తి నిలబెడితే పాయ పాయంతా చేతిలోకొస్తుంది. రింగుల జుట్టుకి అసలు వద్దు, రేగిపోతుంది. ముందు భాగం బ్రహ్మాండంగా కుదిరింది. కొసలు ఈకల్లా పలచబడ్డాయి. అద్దంలో నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాత నడినెత్తి. అక్కడ సుడి ఉంది. ఒకటి కాదు, రెండు. తడికి అతుక్కుపోయిన జుట్టులో నాకు కనపడలేదు. ముందు ఎంత దించానో అక్కడా అంతే దించాను. డ్రయ్యర్ పెట్టగానే గుప్పెడు జుట్టు కోడిపుంజు తురాయిలా లేచి నిలబడింది. నీళ్లు కొట్టి అణిచాను, లేచింది. వ్యాక్స్ రాశాను, ఇంకా బిర్రుగా లేచింది. నిన్న ఆదివారం కూడానూ, షాపు కిటకిట. బెంచీ మీద పేపరు చదువుతున్న పెద్దాయన "రెండు సుడులు బాబూ, రెండు పెళ్లిళ్లు" అన్నాడు. అంతా ఒకటే నవ్వు. కుర్రాడొక్కడే నవ్వలేదు. వాడికి బుధవారం నిశ్చితార్థం.

6 నెలల కోర్సుకి 30,000 కట్టించుకున్న మహానుభావులు నాకు బొమ్మ తలల మీద నేర్పారు. ఆ బొమ్మలకి సుడి ఎక్కడిది? సర్టిఫికెట్ మాత్రం లామినేషన్ చేసి మరీ ఇచ్చారు.

బాబాయి వచ్చి, అందరి ముందూ నా చేతిలో కత్తి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తడపకముందే సుడి చూడాలని ఎన్నిసార్లు చెప్పాన్రా?" ఒక్కసారీ చెప్పలేదు, ప్రమాణం! కత్తెర మొనతో సుడి చుట్టూ ఉన్న పొడుగు తగ్గించాడు. మళ్లీ తడిపి, డ్రయ్యర్ గాలి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి కొడుతూ అరచేత్తో అణిచాడు, చివర్లో చల్లగాలి. శనగగింజంత క్లే, అదే జుట్టుని పట్టి ఉంచే ముద్దలాంటి క్రీము, చేతుల్లో అరగదీసి కుదుళ్లకి పట్టించాడు. ముప్పాతిక వంతు పడుకుంది.

కుర్రాడు పది రూపాయలు ఎక్కువే ఇచ్చి వెళ్లాడు. ఆ పది బాబాయే తీసుకున్నాడు. కత్తి కూడా ఇంకా ఆయన జేబులోనే ఉంది.