తెల్లవారుజాము మాత్ర, మధ్యాహ్నం సోయా

పోయిన ఏడాది మార్చిలో రక్తపరీక్ష చేయించుకుంటే చెడు కొలెస్ట్రాల్ 172 వచ్చింది. నాన్న 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆ కాగితం పట్టుకుని, ఆయన వయసు రావడానికి నాకింకా ఎన్నేళ్లున్నాయో లెక్క వేసుకున్నాను. డాక్టరుగారు వేపుళ్లు, నెయ్యి, మాంసం తగ్గించమని మూడు నెలల గడువిచ్చారు.

సోయా మంచిదని వదిన చెప్పింది. రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెకు మేలని పొట్లాల మీద రాసుకోవడానికి అమెరికా ప్రభుత్వం 1999లోనే అనుమతించిందని చదివాక నాకూ నమ్మకం కుదిరింది. ఇక రోజూ లేవగానే థైరాయిడ్ మాత్ర, ఆ వెంటనే గ్లాసు నిండా సోయాపాలు. తొమ్మిదేళ్లుగా వాడుతున్న మాత్ర కనుక దాని గురించి ఆలోచించనే లేదు.

రెండో నెలకల్లా ఒళ్లు బరువెక్కింది. తడిబట్టల బకెట్టుతో మేడ ఎక్కుతుంటే సగం మెట్ల మీదే కూర్చుండిపోయేదాన్ని. మే నెల ఎండల్లో దుప్పటి కప్పుకున్నాను. "నీ గొంతు బొంగురుపోయిందేమిటమ్మా?" అని మా అమ్మాయి కంగారుపడింది.

జూన్‌లో కొలెస్ట్రాల్ తగ్గకపోగా 188కి చేరింది. థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ 16.

"మాత్ర వేసుకున్నాక ఏం తాగుతున్నారమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. చెప్పగానే కలం పక్కన పెట్టారు. సోయా ఆ మాత్రను పేగుల్లో సరిగా ఒంటబట్టనివ్వదట. థైరాయిడ్ హార్మోను తగ్గితే, రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను కాలేయంలోకి లాగే గ్రాహకాలు తగ్గిపోతాయి. సోయా ప్రోటీన్ పెంచుతుందని పరిశోధకులు భావించేది కూడా ఆ గ్రాహకాలనే. కొలెస్ట్రాల్‌ను ఏ దారిన పంపాలని సోయాపాలు తాగానో, ఆ దారినే మూసేసుకున్నాను.

నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఈ మాట లేదు. మన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఆ మాత్ర వేసుకుంటున్నారు! ఒక్క వాక్యం రాయలేకపోయారా అని ఇప్పటికీ కోపం వస్తుంది.

"మరి సోయా మానేయాలా?"

"అక్కర్లేదు, వేళ మార్చండి. మాత్రకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. అయితే సోయాతో తగ్గేది నూటికి మూడు నాలుగు వంతులే. మాంసం, మీగడ బదులు తింటే ఇంకొంత లాభం."

ఇప్పుడు తెల్లవారుజామున 5 గంటలకు మంచినీళ్లతో మాత్ర. సోయా మధ్యాహ్నం భోజనంలోకి. ఆదివారం మటన్ బదులు మీల్‌మేకర్ కూర. వేడినీళ్లలో నానబెట్టి, పచ్చివాసన పోయేదాకా రెండుమూడు నీళ్లు మార్చి గట్టిగా పిండాలి. అప్పుడే అల్లంవెల్లుల్లి, గసగసాల ముద్ద లోపలిదాకా పడుతుంది. ఎండువి 50 గ్రాములు తూచి వేస్తే అందులో సుమారు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది.

ఆగస్టు చివరికి టీఎస్‌హెచ్ 3.1, చెడు కొలెస్ట్రాల్ 139. ఇందులో ఎక్కువ వాటా థైరాయిడ్ కుదుటపడటానిదేనన్నారు డాక్టరుగారు. నాన్న సంగతి తెలుసు కనుక కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర కూడా చిన్న మోతాదులో రాశారు. వేసుకుంటున్నాను. బట్టల బకెట్టు మళ్లీ నేనే మేడ మీదికి తీసుకెళ్తున్నాను, మధ్యలో ఎక్కడా ఆగకుండా.