నల్లమల పాత టోపో షీట్లు

టోపో షీట్లంటే కొండల ఎత్తులు, వాగులు చూపే సర్వే పటాలు. ముందు షీటు నంబరు. శ్రీశైలం 56 ఎల్/16లో వస్తుంది: 56 నాలుగు డిగ్రీల చదరం, ఎల్ అందులో ఒక డిగ్రీ గడి, 16 పదిహేను నిమిషాల గడి. పాతవి అంగుళానికి మైలు, అంటే 1:63,360, ఎత్తులు అడుగుల్లో. మెట్రిక్ షీట్లు 1:50,000, ఎత్తులు మీటర్లలో. అడుగులకీ మీటర్లకీ ఉన్న ఈ తేడా మరిస్తే కొండలు మూడింతలవుతాయి.

పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో జియోరెఫరెన్స్‌కి, అంటే స్కాన్ చేసిన షీటును అక్షాంశ రేఖాంశాలకు జతచేయడానికి, నాలుగు మూలలే నమ్ముకోకండి. మడతల దగ్గర కాగితం సాగి ఉంటుంది. అయిదేసి నిమిషాల గీతలు కలిసే బిందువులన్నీ ఇవ్వండి. డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ప్రమాణం, పాత భూమి కొలత ఎవరెస్ట్ 1830 ఆధారితమైనదే ఎంచుకోవాలి. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 పెడితే లోయలన్నీ వంద మీటర్లకు పైగా పక్కకి జరుగుతాయి.

సరిచూసుకోవడానికి కృష్ణ ఒడ్డు పనికిరాదు, డ్యాం వచ్చాక పాత గట్లు మునిగాయి. కొండపైన వాగులు కలిసేచోటు మేలు. చెంచు పెంటలు (చెంచుల గూడేలు) చోటు మారుతుంటాయి కాబట్టి, వాటి గుర్తులు చూసేముందు అంచున సర్వే సంవత్సరం చదవండి. ముద్రణ సంవత్సరం వేరు!